గోకవరం నుంచి కోనసీమకి 36 తేనెపెట్టెలు

మొదటి రాత్రి

తేనెపెట్టెల్ని పగలు కదపకూడదు. మేతకి పోయిన ఈగలు తిరిగొచ్చేసరికి పెట్టె లేకపోతే ఆ చోటే తిరిగి తిరిగి చచ్చిపోతాయి. అందుకని గోకవరం పక్కన జీడిమామిడి తోటలో పొద్దుగూకేదాకా కూర్చున్నాం, నేనూ మా మేనల్లుడూ. ఫిబ్రవరి ఆఖరు. పూత అయిపోయింది, గింజ దిగుతోంది. ఇక ఇక్కడ ఈగలకి తిండి లేదు.

తేనె రెండు రోజుల ముందే తీసేశాం. నిండు ఫ్రేములతో, అంటే ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలతో, పెట్టెలు ఎక్కిస్తే దారిలో గతుకులకి మైనం విరిగి, ఈగలు తమ తేనెలో తామే మునిగిపోతాయి. పెట్టెకి మూడేసి ఫ్రేములు మాత్రం వాటికే వదిలేశాం. అంతా ఊడ్చుకుని పంచదార పాకం పోసేవాళ్ళున్నారు. వానాకాలంలో పూత లేనప్పుడు నేనూ పాకం పోస్తాను, తప్పదు. కానీ చేతిలో తేనె ఉండగా వాటి నోటి దగ్గరిది లాక్కోవడానికి మనసొప్పదు. ఒక ఈగ పూతకాలంలో బతికేది ఆరు వారాలు. పన్నెండు ఈగలు బతుకంతా తిరిగితే ఒక చెంచా తేనె. ఆ లెక్క తెలిశాక నేను చెంచా నాకకుండా కడగను.

ఏడున్నరకి గుమ్మాలకి జాలీ పట్టీలు బిగించి, పైమూతలు తీసి గాలాడే వల కొట్టి, బొలెరో వ్యానులోకి ఎక్కించాం. వ్యాను ఎక్కడా ఎక్కువసేపు ఆగకూడదని డ్రైవరుకి ముందే చెప్పాను. బండి నడుస్తుంటే గాలి తగులుతుంది. ఆగితే లోపల అన్నీ కలిసి రెక్కలాడించి వేడెక్కిపోతాయి. అలా ఊపిరాడక పెట్టెకి పెట్టె చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను.

రాజమండ్రి దాటి కడియపులంక వచ్చేసరికి రోడ్డుకి రెండు వైపులా నర్సరీలు. చీకట్లో ఏమీ కనపడలేదు గానీ తడిమట్టి వాసన గుప్పుమంది. "మావయ్యా, ఇన్ని పూలుండగా ఇంకా ముందుకెందుకు, ఇక్కడే దింపేద్దామా?" అన్నాడు మావాడు. వాడు ఈ పనిలోకి వచ్చి ఆర్నెల్లే. కంటి కోసం రేకుల మీద రేకులు వచ్చేలా పెంచిన పూలలో చాలావాటికి మకరందం తక్కువ, ఉన్నా ఈగ నాలుక అందుకోలేదు, పైగా మందులు కొడుతూనే ఉంటారు అని చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కాం. నది మీద చల్లగాలికి పెట్టెల్లో రొద తగ్గి, సన్నగా, నిద్రలో మూలిగినట్టు వినిపించింది. వంతెన దిగితే రావులపాలెం. డ్రైవరు అరటిపళ్ళు కొనుక్కుంటానన్నాడు. గోదావరి జిల్లాల్లో అరటికి పెద్ద మార్కెట్టు అదే కాబట్టి ఆశపడ్డాడు. "వద్దు తమ్ముడూ, ఇంటికెళ్ళేటప్పుడు నేనే గెల కొనిపెడతాను" అన్నాను. ఆటపట్టిస్తున్నానేమో అని నా మొహంలోకి చూశాడు. తేనెటీగ కుట్టినప్పుడు ముల్లు దగ్గర ఒక వాసన విడుస్తుంది, మిగతావాటిని పిలవడానికి. ఆ వాసనలో ముఖ్యమైన పదార్థమూ మగ్గిన అరటిపండు వాసనలోదీ ఒకటే. పెట్టెల పక్కన అరటిపండు ఒలవడమంటే వాటికి "రండి, పోట్లాట" అని చెప్పడమే. అతను అద్దాలు ఎత్తేసి బండి పోనిచ్చాడు.

రెండో రోజు

అర్ధరాత్రి దాటాక కొత్తపేట మీదుగా అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరితోటకి చేరాం. తోట యజమాని లాంతరు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. డెబ్భై దాటినవారు. "ఆయ్, కాలువ పక్కన చదును చేయించానండి, చూసుకోండి" అన్నారు. పెట్టెకి కిరాయి అంటూ ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు రెండు కిలోల తేనె ఇవ్వాలి, అంతే.

ఇనుప స్టాండ్ల కాళ్ళ కింద గిన్నెలు పెట్టి నీళ్ళు పోశాం. కోనసీమ చీమ ఒక్క రాత్రిలో పెట్టె ఖాళీ చేయగలదు. గుమ్మాలు తూర్పుకి తిప్పి, తెల్లవారుతుండగా జాలీలు తీశాం.

ఆ తర్వాత గంటసేపు మేమిద్దరం టీ కూడా తాగకుండా చూస్తూ కూర్చున్నాం. ఎన్నేళ్ళు చూసినా తనివి తీరదు నాకు. కొత్త చోట ఈగ బయటికి వచ్చి తిన్నగా ఎగిరిపోదు. పెట్టె వైపే మొహం పెట్టి, గాల్లో అటూ ఇటూ ఊగుతుంది. ఇంకాస్త వెనక్కి జరిగి మళ్ళీ ఊగుతుంది. పక్కన ఏ చెట్టు, ఎంత దూరంలో నీళ్ళు, తన పెట్టె మూత ఏ రంగు, అన్నీ గుర్తుపెట్టుకుని అప్పుడు పైకి లేస్తుంది. అందుకే నా పెట్టెల మూతలు ఒక్కోటీ ఒక్కో రంగు. ఏడు గంటలకి మొదటి ఈగ కాళ్ళకి లేత పసుపు ముద్దలతో దిగింది. కొబ్బరి పుప్పొడి. మా మేనల్లుడు లేచి నిలబడ్డాడు.

దింపు తీసే ఆయన వచ్చారు ఆ రోజు. కొబ్బరికాయ కోతని ఇక్కడ దింపు అంటారు. పైకి ఎక్కినప్పుడు విచ్చిన పూగెల నుంచి ఒక్క పుల్ల తుంచి తెమ్మని బతిమాలుకున్నాను. అరచేతిలో పెట్టుకుని మావాడికి చూపించాను. పుల్ల పొడుగునా బియ్యపుగింజంత మగపూలు, మీగడ రంగులో, వందల్లో. మొదట్లో మాత్రం ఒకే ఒక గుండ్రటి బొత్తం. అదే ఆడపువ్వు, రేపటి కొబ్బరికాయ. మగపూలు ముందు విచ్చుకుని దాదాపు మూడు వారాల్లో రాలిపోతాయి. పొడుగు రకం చెట్లలో అవి రాలాక గానీ ఆడపువ్వు విచ్చుకోదు. విచ్చినప్పుడు దాని నెత్తిన తేనెబొట్టు ఒకటి మెరుస్తుంది. అంటే ఆ బొత్తం కాయ కావాలంటే ఇంకో చెట్టు పుప్పొడి రావాలి. గాలి కొంత తెస్తుంది, మిగతాది ఈగలు తేవాలి.

పెద్దాయన ఇది శ్రద్ధగా విన్నారు. "96 తుపానుకి ఈ తోటలో పదింటికి ఏడు చెట్లు పోయాయండి. మిగిలినవి ఇవిగో. వీటికి ఇన్నాళ్ళూ ఎవరు తెచ్చారంటారు?" అన్నారు. 1996 నవంబరు 6 రాత్రి గురించి కోనసీమలో ఎవరినడిగినా చెట్ల లెక్కతోనే మొదలుపెడతారు. నాటు ఈగలు తెచ్చి ఉంటాయండీ అన్నాను. అయితే అవి ఎక్కడున్నాయో చూపిస్తాను రేపు, అన్నారాయన. కొబ్బరి మధ్యలో వేసిన కోకోకి కూడా మీ ఈగలు పనికొస్తాయా అని అడిగారు. రావు. కోకో పువ్వుని ఫలింపజేసేది ఆవగింజంత దోమలాంటి పురుగు, తేనెటీగ కాదు. అవునంటే సంతోషించేవారే. కానీ తోట ఇచ్చిన మనిషికి లేని లాభం చెప్పలేను కదా.

మూడో రోజు

పి.గన్నవరం అక్విడక్టు, అంటే నది మీదుగా కాలువని దాటించే వంతెన, మీదుగా వైనతేయ పాయ దాటి, పెద్దాయన బండి మీద ఆయన అక్కగారి ఊరు వెళ్ళాం. పెంకుటిల్లు. వెనక గోడలో ఇటుక జారిన కంతలోంచి చిన్న ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. మా ఇటాలియన్ ఈగల కన్నా చిన్నవి, నలుపు ఎక్కువ, కదలిక చురుకు. మన నాటు తేనెటీగ. చెట్టు తొర్రల్లో, గోడ కంతల్లో వరసగా పెరలు కట్టుకుంటుంది.

మామ్మగారికి ఎనభై దాటాయి. పీట వేయించి, మజ్జిగ ఇచ్చి, తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళాయన కొబ్బరితోటలో పన్నెండు చిన్న పెట్టెలు పెంచేవారట. "ఒక ఏడు పిల్లలు పుట్టినవి పుట్టినట్టే చచ్చిపోయాయి బాబూ. గదుల్లోంచి తల పైకెత్తుకుని, పడవ ముక్కులాగ. ఆయన సూదితో ఒక్కోటీ తీసి అరచేతిలో పెట్టుకుని చూసేవారు. నీళ్ళ సంచిలా ఉండేది."

నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మాట పుస్తకాల్లో చదివాను. థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు. 1991-92లో దక్షిణ భారతంలో నాటు తేనెటీగల్ని తుడిచిపెట్టింది, పెట్టెల్లో నూటికి తొంభై వంతులు ఖాళీ అయ్యాయి. పిల్ల గూడు కట్టుకునే ముందు చర్మం ఊడిరాక, లోపల నీరు పట్టి, తల పైకి లేచి చచ్చిపోతుంది. పేరు తెలియకుండానే ఆ ఇంట్లో ఒక మనిషి దాన్ని సూది మొన మీద ఎత్తి చూశాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ పెట్టె పట్టలేదట. పెట్టెలు వంటచెరుకైపోయాయి.

"మరి ఇవి?" అన్నాను గోడ చూపించి.

"ఎనిమిదేళ్ళ కిందట వాటంతటవే వచ్చాయి. గోడ పూడుస్తానంటాడు మా అబ్బాయి. నేనుండగా వద్దన్నాను."

తట్టుకున్న జాతి వాటంతటవే మిగిలి, మెల్లగా గోడలూ తొర్రలూ పట్టుకుని మళ్ళీ పెరిగాయి. వాటిని పట్టి పెట్టెలో పెడతానేమోనని ఆవిడ భయం. నేను ముట్టుకోలేదు. కంత దగ్గర చెవి పెట్టి విన్నానంతే.

వచ్చేటప్పుడు జీడిపూల తేనె సీసా ఒకటి ఆవిడకి ఇచ్చాను. మునిమనవడు పుట్టి నెల్లాళ్ళయిందని, నాలిక్కి రాస్తానని సంబరపడ్డారు. అప్పుడు నోరు విప్పక తప్పలేదు. "మామ్మగారూ, ఏడాది నిండేదాకా పసివాడికి వద్దండీ" అన్నాను. తేనెలో బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి విత్తనాలు నిద్రపోతూ ఉండొచ్చు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తవు, పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. కల్తీ తేనె అనే కాదు, ఎంత మంచి తేనెలోనైనా ఉండొచ్చు. "మా పిల్లలందరికీ రాశాను కదా" అన్నారావిడ, కోపంగా కాదు, బాధగా. రాసినవాళ్ళందరికీ రాదండీ, కానీ వచ్చిన ఒక్కడికి ప్రాణం మీదికొస్తుంది అన్నాను. సీసా అందుకుని, మూత గట్టిగా తిప్పి, అలమర పై అరలో పెట్టారు. "వచ్చే ఏడు వాడి పుట్టినరోజుకి తీస్తాను" అన్నారు. నా తేనెకి అంతకన్నా గౌరవం ఎవరూ ఇవ్వలేదు.

నాలుగో రోజు

పదిన్నరకి మా మేనల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "మావయ్యా, ఈగలు కింద పడి తిరుగుతున్నాయి."

కాలువ వైపున్న పెట్టెల ముందు ఇసుకలో వందల ఈగలు. కొన్ని వెల్లకిలా పడి బొంగరంలా తిరుగుతున్నాయి. కొన్ని నాలుక బయటికి చాచి వణుకుతున్నాయి. ఒకదాని కాళ్ళకి పుప్పొడి ముద్దలు ఇంకా అలాగే ఉన్నాయి. గుమ్మం దగ్గర కాపలా ఈగలు తిరిగొచ్చిన తోటివాటిని లోపలికి రానీయకుండా నెట్టేస్తున్నాయి. మందు వాసన పట్టేశాయి. నేను ఒకదాన్ని వేలిమీదికి తీసుకున్నాను. కుట్టే ఓపిక కూడా లేదు దానికి.

కాలువ అవతల దాళ్వా వరి, అంటే రెండో పంట. ఈనిక మీద ఉంది. గోదావరి డెల్టాని చూసి ఎవరైనా తేనెటీగలకి స్వర్గం అనుకుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు పారి, ఈ నేలంతా వరి అయింది. వరి చాలామటుకు తన పుప్పొడితో తానే ఫలించే పైరు, దాని పువ్వులో తేనె ఉండదు. పొద్దున్న తొమ్మిదికి పువ్వు విచ్చుకున్నాక కాస్త పుప్పొడి దొరుకుతుంది, అంతే. కనుచూపు మేరా పచ్చగా ఉన్నా ఈగకి దొరికేది కొబ్బరి చెట్ల వరసలూ, గట్టు మీది కానుగలూ, దొడ్లో మునగా, అక్కడక్కడా నువ్వు చేలూ. ఆ కొద్దిపాటి పుప్పొడి కోసం వెళ్ళిన ఈగలు ఇలా వచ్చాయి.

గట్టు పట్టుకుని వెళ్ళాను. కౌలురైతు, ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, స్ప్రేయరు కడుగుతున్నాడు. నేను కోపంగానే బయల్దేరాను. ఆ మనిషి చేతులు చూశాక తగ్గింది. ముఖానికి తువ్వాలు తప్ప ఏమీ లేదు, మోచేతుల దాకా మందు కారింది.

"దోమ పడిందండి" అన్నాడు, నేను నోరెత్తకముందే. "నిన్న సాయంత్రం దుబ్బు తట్టి చూస్తే నీళ్ళ మీద రాలాయి. రెండ్రోజులాగితే సుడులు సుడులుగా కాలిపోద్దండి మడి. కౌలు ఎక్కడినుంచి కట్టను?"

అతను చెప్పింది నిజం. దుబ్బు రసం పీల్చే సుడిదోమ పడితే వరి ఎలా మాడుతుందో నాకూ తెలుసు. ఈగలు తెచ్చి పెట్టామని గట్టు అవతలివాళ్ళకి చెప్పాల్సింది నేను. తోట యజమానికి చెప్పి చాలనుకున్నాను. ఈగ రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతుంది, దానికి సర్వే రాళ్ళు తెలియవు. ఇంత దూరంలో ఎన్ని మళ్ళు, ఎందరు రైతులు! తప్పు నాదే ఎక్కువ.

మందు డబ్బా అడిగి చూశాను. చిన్న అక్షరాల్లో తేనెటీగలకి హానికరం అని ఉంది. అతనికి చదివి వినిపించాను. "ఎవరూ చెప్పలేదండి" అన్నాడు. కొట్టొద్దని అనలేదు నేను. సాయంత్రం ఈగలు ఇల్లు చేరాక కొట్టమన్నాను. తెల్లారేసరికి తడి ఆరుతుంది, పైగా దోమ ఉండేది దుబ్బు మొదట్లోనే కాబట్టి సాయంత్రం కొట్టినా తగులుతుంది. పూత మీద పొద్దున్న కొట్టడమే ఈగలకి చావు. ముందుగా ఒక ఫోన్ చేస్తే గుమ్మాలకి తడి గోనెలు కప్పుకుంటాను అన్నాను. నంబరు రాసుకున్నాడు. ఊళ్ళో ఇంకెవరెవరు కొట్టబోతున్నారో తనే చెప్పాడు, నలుగురి పేర్లు. మధ్యాహ్నమంతా ఆ నలుగురి ఇళ్ళూ తిరిగాను.

సాయంత్రం పెట్టెలు తెరిచి చూశాం. కొబ్బరి డొక్కతో పొగ పెట్టి, మెల్లగా. నాలుగు పెట్టెల్లో బయటికి తిరిగే ఈగలు సగం పోయాయి. రాణులు నాలుగూ బాగున్నాయి, గుడ్లు పెడుతున్నాయి. గుడ్డు నుంచి కూలి ఈగ బయటికి రావడానికి 21 రోజులు. అది మేతకి వెళ్ళేసరికి ఇంకో మూడు వారాలు. అంటే ఏప్రిల్ మొదటి వారం దాటాలి. చచ్చిన ఈగల్ని చేటలోకి ఎత్తి కొబ్బరి మొదట్లో పాతిపెట్టాడు మావాడు. నేను చెప్పలేదు వాడికి.

అయిదో రోజు

కోరంగి మడ అడవుల వైపు వెళ్ళొచ్చాను, వేసవికి కొన్ని పెట్టెలు పెట్టొచ్చేమో చూద్దామని. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటి, యానాం మీదుగా. మడ పూత ఎండలు ముదిరాక గానీ రాదు. పైగా అడవి లోపల అభయారణ్యం, బయట ఉప్పునీళ్ళు. ఈగలకి తాగడానికి మంచినీళ్ళు దగ్గర్లో లేని చోట పెట్టెలు పెట్టలేం. ఎండాకాలం అవి నీళ్ళు తెచ్చి గదుల మీద చల్లి, రెక్కలతో విసిరి పిల్లల్ని చల్లబరుచుకుంటాయి. పని కాలేదు, అయినా ఆ చెక్కదారి మీద నడిచినందుకు మనసు తేలికపడింది.

ఆరో రోజు

పొద్దున్నే తోట దగ్గరికి ఊళ్ళోవాళ్ళు తేనె కోసం వచ్చారు. ఒకాయన గ్లాసుతో నీళ్ళు తెచ్చుకున్నారు, చుక్క వేసి చూడడానికి. అడుక్కి దిగితే మంచిదట. ఇంకొకాయన అగ్గిపుల్ల ముంచి వెలిగించమన్నారు. చిక్కటి పాకం కూడా అడుక్కే దిగుతుందండీ, ఇవేవీ నమ్మొద్దు అన్నాను. మరెలా తెలుస్తుంది అన్నారు. నాలిక్కి కొంత తెలుస్తుంది, మిగతాది ల్యాబులోనే తెలుస్తుంది. అందుకే ఎవరి దగ్గర కొంటున్నారో వాళ్ళ పెట్టెలు వెళ్ళి చూసుకోండి అన్నాను. ఒక పెట్టె తెరిచి, మూత వేసిన గదుల ఫ్రేము ఎత్తి చూపించాను. ఈగలు మకరందంలో నీరు ఆర్పి ఆర్పి, నూటికి ఇరవై పాళ్ళ లోపుకి వచ్చాకే మైనంతో మూత వేస్తాయి. మూత వేయని తేనె తీస్తే నెల తిరక్కుండా పులుస్తుంది. తొందరపడి తీసేవాళ్ళ తేనె పలచగా ఉండేది అందుకే.

ఒకావిడ నిరుడు ఎక్కడో కొన్న సీసా తెచ్చి చూపించారు. అడుగున పేరుకుపోయింది. పంచదార కలిపారనుకుని దాచేశారట, తినకుండా. "పారేయకండమ్మా. పేరుకోవడం తేనెకి సహజమే, పొద్దుతిరుగుడు తేనె అయితే నెలలోనే గడ్డకడుతుంది. సీసాని గోరువెచ్చటి నీళ్ళలో పెట్టండి, పొయ్యి మీద మాత్రం పెట్టకండి" అన్నాను. చెయ్యి భరించే వేడి దాటితే సువాసన పోతుంది.

మా మేనల్లుడు పెట్టెల దగ్గర ఉండిపోయాడు, పదిరోజులకోసారి నేను వచ్చిపోయేలా. నేను సాయంత్రం బస్సెక్కాను. కొత్తపేట దాటుతుండగా ఫోను మోగింది. కౌలురైతు.

"అవతలి రెండెకరాలకి కూడా కొట్టాలండి. మీ కుర్రోడికి ఫోను కలవట్లేదు. ఈగలు ఇళ్ళకి చేరాయా?"

కిటికీలోంచి చూశాను. కొబ్బరాకుల వెనక ఇంకా ఎర్రగా వెలుగుంది.

"ఇంకో అరగంట ఆగండి బాబూ. చివర్న వచ్చేవి కొన్నుంటాయి."

"ఆయ్, ఆగుతానండి. గట్టు మీదే కూర్చుంటాను" అన్నాడు.